కండక్టరమ్మ తెల్లకోడి

కండక్టరమ్మకి ముక్కు మీద కోపం అనేవారు ఆ బిల్డింగులో అందరూ. అది అన్యాయం. ముక్కు మీద ఉండే కోపమైతే ఒక తుమ్ము తుమ్మితే పోతుంది. ఆవిడ కోపం గొంతులో ఉండేది. సిటీ బస్సులో "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరుస్తూ ఉద్యోగమంతా గడిపిన గొంతు అది. రిటైరైన రోజున టికెట్ల బ్యాగు డిపోలో అప్పగించి వచ్చింది గానీ గొంతు అప్పగించలేదు. "పాలు పొంగుతున్నాయి" అని ఆవిడ కేకేస్తే మూడో అంతస్తు వాళ్ళు పరిగెత్తి తమ స్టవ్వు చూసుకునేవారు.

ఇంట్లో ఆ గొంతు లేకపోతే జరగదు కూడా. ఆవిడ భర్త అదే డిపోలో మెకానిక్కు. ఇంజన్లు పరీక్షించే షెడ్డులో పనిచేసి చేసి చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా పోలేదు; ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే అందుతుంది. చెవికి పెట్టుకునే మిషను కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని తీసి సొరుగులో పడేశాడు. అందులో మళ్ళీ ఇంజనే వినపడుతోందన్నాడు. అందుకని ఆయనకి ఏం చెప్పాలన్నా మూడంతస్తులకీ చెప్పినట్టే. వాళ్ళింట్లో రహస్యం అన్నది నిలవదు. ఆయన మటుకు చాలా నెమ్మదిగా మాట్లాడేవాడు, అదీ ఎప్పుడో ఒకసారి. తన గొంతు తనకే వినపడని మనిషి ఎంతని మాట్లాడతాడు?

అందరితో పాటు ఆయన కూడా ఆవిణ్ణి కండక్టరమ్మ అనే పిలిచేవాడు.

ఆవిడ బస్సులో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించింది. టికెట్ లేదని అనుమానం వచ్చిన మనిషిని వెంటనే దులిపేసేది కాదు. పక్కన నిలబడేది, అంతే. "ఆఖరి స్టాపు వచ్చేదాకా నేనెవర్నీ దొంగ అనను. వెతుక్కోనీ, అన్ని జేబులూ వెతుక్కోనీ" అనేది. ఎంత కోపిష్టి అయినా ఆ ఒక్క విషయంలో ఆవిడకి ఓపిక ఉండేది. డిపోలో కొత్తగా చేరిన పిల్లలకి కూడా ఇదే నూరిపోసేది. అనుమానంతో ఒక్కసారి నోరు జారితే ఆ మాట వెనక్కి రాదని చెప్పేది.

కోళ్ళు ఆవిడ జీవితంలోకి వచ్చింది కూడా బస్సులోనే. ఒక ముసలావిడ వారానికోసారి బుట్టతో ఎక్కేది. బుట్టలో ఏముందో తెలీకుండా లగేజీ టికెట్ ఎలా కొడతాం? మూత తీయమంది కండక్టరమ్మ. తీస్తే లోపల తెల్లగా, బొచ్చుగా, కళ్ళు కూడా కనపడకుండా ఏదో కూర్చుని ఉంది.

"పిల్లిపిల్లా? కుక్కపిల్లా?" అంది కండక్టరమ్మ.

"కోడమ్మా. సిల్కీ కోడి" అంది బుట్టావిడ.

నమ్మలేదు. ఈకలు లేని కోడేమిటి, ఒళ్ళంతా దూది పెట్టి కుట్టినట్టు! బుట్టావిడ ఆ బొచ్చు విడదీసి చూపించింది. లోపల చర్మం నల్లగా ఉంది. కాలికి నాలుగు వేళ్ళుండాల్సింది, అయిదున్నాయి. బస్సంతా లేచి చూసింది. వెనక సీటాయన "పుంజా, పెట్టా?" అని అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేం బాబూ. ఇవి తొందరగా బయటపడవు. ఆరు నెలలు దాటాక కూడా మోసం చేసేవున్నాయి. అది చెప్పినప్పుడే మనం తెలుసుకోవాలి" అంది బుట్టావిడ.

ఆ జవాబు కండక్టరమ్మకి తెగ నచ్చింది. ఆఖరి స్టాపు దాకా ఆగమంటున్న పక్షి! రిటైరైన నెలలోనే వెళ్ళి ఒక పుంజునీ మూడు పెట్టల్నీ తెచ్చుకుంది. ఇల్లు కింది అంతస్తు, వెనక చిన్న దొడ్డి, దానికి గోడ. మెకానిక్కు పాత బస్సు సీటు చెక్కలతో గూడు కట్టాడు. సిల్కీలు ఎగరలేవు గనక ఎత్తు అక్కర్లేదు. తడిస్తే ఒళ్ళంతా ముద్దైపోతుంది గనక కప్పు మాత్రం గట్టిగా వేశాడు.

అలా మొదలై ఆవిడ ఈ కోళ్ళలో ఆరితేరింది. పుంజు జుట్టు వెనక్కి దువ్వినట్టు ఉంటుంది, దాని చివర నాలుగైదు వెంట్రుకలు సన్నగా పొడుగ్గా సాగుతాయి. పెట్ట జుట్టు గుండ్రంగా, పౌడరు అద్దుకునే కుచ్చులా ఉంటుంది. పుంజుకి ముక్కు పైనుండే కండ వెడల్పుగా ఉబ్బుతుంది, గడ్డం కింద తమ్మెలు దిగుతాయి. నిలబడే తీరు కూడా వేరు. అయితే ఇవన్నీ చెప్పేటప్పుడు చివర ఆవిడ ఒక మాట చేర్చేది. "ఇవి గుర్తులే, సాక్ష్యాలు కావు. కూస్తే పుంజు, గుడ్డు పెడితే పెట్ట. ఆ లోపల ఎవరేమన్నా నేనొప్పుకోను." కోడిపిల్లని మెడ దగ్గర పట్టుకుని ఎత్తితే కాళ్ళు ముడుచుకుంటే ఆడదని, మొన తేలిన గుడ్డులోంచి మగది వస్తుందని చెప్పేవాళ్ళు ఎదురుపడితే ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇక సెక్రటరీ సంగతి. రెండో అంతస్తు ఆయన, బిల్డింగు సంఘానికి సెక్రటరీ. జీతం లేని ఉద్యోగం అది. జీతం లేని ఉద్యోగాల్లో కొందరు పెత్తనమే జీతం కింద జమ కట్టుకుంటారు. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతుంటే ఈయనకి కనపడదు గానీ, మెట్ల మీద ఎవరి చెప్పులు అడ్డంగా ఉన్నాయో మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. ఆ పదవి వచ్చిన కొత్తలో ఆయన దిగొచ్చి, పెట్టలైతే సరే గానీ పుంజు ఉండకూడదని, కూత వల్ల జనం నిద్రలు పాడవుతున్నాయని చెప్పాడు. కండక్టరమ్మ నిప్పులు చెరిగింది. కానీ ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. పుంజుని తీసుకెళ్ళి బుట్టావిడకే ఇచ్చేసి వచ్చింది. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే.

ఆ పుంజు ఉన్నప్పుడు పెట్టిన చివరి గుడ్ల మీద పెద్దావిడ పొదగడానికి కూర్చుంది. పెద్దావిడ అంటే నల్లపెట్ట, అన్నిటికీ పెద్ద, నడకలోనే దర్పం. మిగతా రెండూ బూడిదరంగువి, ఎప్పుడూ కలిసి తిరిగేవి గనక అక్కాచెల్లెళ్ళు అనేది కండక్టరమ్మ. పొదిగిన గుడ్లలో ఒక్కటే పిల్లయింది. తెల్లది. అదే దూది.

దూది మెకానిక్కు ఒళ్ళో పెరిగింది. అన్ని పనులూ అయిపోయిన మనిషి ఆయన. పొద్దున్న దొడ్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేవాడు. పిల్లగా ఉన్నప్పుడు చలికి ఆయన చొక్కాలో దూరడం అలవాటైంది దానికి. పెద్దదయ్యాక ఒళ్ళోకెక్కి కూర్చునేది. ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచేవాడు. సుఖంగా ఉన్న కోడి గొంతులోపల సన్నగా గురగురమంటుంది. అది ఆయన చెవికి ఎలాగూ చేరదు. చేతికి తెలిసేది.

"మాట్లాడుతోంది" అనేవాడు భార్యతో.

"ఏమంటోందేం?" అని ఆవిడ అరిచేది.

"ఏవో దాని కబుర్లు."

మనుషుల మాటలన్నీ పెదాలు కదలడంగా మారిపోయిన మనిషికి అదొక్కటే నేరుగా అందుతోంది. అది కండక్టరమ్మకి తెలుసు. పైకి మాత్రం, "పెళ్ళాం మాటలు వినపడవు గానీ కోడి కబుర్లు వినపడతాయి" అని దెప్పేది. ఆయన నవ్వేవాడు. చెవులు పోయాక ఆయన నవ్వడం ఆ కోడి వచ్చాకే మళ్ళీ మొదలైంది.

దూది పుంజా, పెట్టా అని ఆవిడ నిర్ణయించలేదు. జుట్టు గుండ్రంగానే ఉంది. వెనక మాత్రం ఒకటి రెండు వెంట్రుకలు కొద్దిగా సాగినట్టున్నాయి. ముక్కు మీది కండ అటూ కాదు ఇటూ కాదు. ఏడో నెల నడుస్తున్నా గుడ్డు పెట్టలేదు, కూయనూ లేదు. ఆగుదాం అనుకుంది.

ఒక తెల్లవారుజామున కూత వినపడింది.

కూత అని కూడా అనలేం. జలుబు చేసినవాడు బస్సు హారన్ని వెక్కిరించినట్టు ఉంది. అయినా కూతే. కండక్టరమ్మ చెప్పులు కూడా లేకుండా దొడ్లోకి పరిగెత్తి గూడు తలుపు తీసింది. నాలుగూ కిక్కురుమనకుండా, చెకింగ్ వాళ్ళు ఎక్కినప్పుడు టికెట్ లేని మనుషులు కిటికీలోంచి బయటికి చూసినట్టు, తలో దిక్కూ చూస్తూ కూర్చున్నాయి. మెకానిక్కు హాయిగా నిద్రపోతున్నాడు. ఆ బిల్డింగులో ఆ కూత వల్ల నిద్ర చెడనిది ఆయనొక్కడికే.

సెక్రటరీ పళ్ళు తోముకోకుండానే దిగాడు.

"మాటిచ్చారు కదమ్మా మీరు!"

"ఇచ్చాను. నిలబెట్టుకున్నాను. పుంజు లేదు నా దగ్గర."

"మరి కూసిందెవరు, మీ ఆయనా?"

"మర్యాదగా మాట్లాడు. కూసిందెవరో తెలిస్తే నేనే చెబుతాను. తెలిసేదాకా ఆగు."

ఆయనకి ఆగడం చేతకాదు. తర్వాత వారమంతా కండక్టరమ్మ తెల్లవారకముందే లేచి గూడు ముందు పీట వేసుకుని కాపలా కాసింది. ఆవిడ మేలుకుని ఉన్నంతసేపూ ఒక్కటీ నోరు విప్పలేదు. కాస్త కునుకు తీస్తే చాలు, మూసిన గూట్లోంచి ఆ బొంగురు కూత. మొదటి అంతస్తు వాళ్ళు పలకరించడం మానేశారు. మెట్ల దగ్గర నోటీసు అంటించారు: ఆదివారం సమావేశం, విషయం కోళ్ళు. పుంజుని పంపకపోతే కోళ్ళన్నిటినీ ఖాళీ చేయించేలా తీర్మానం చేస్తారట. ఆ నోటీసు చదివి ఆవిడ పళ్ళు నూరింది.

శుక్రవారం సాయంత్రం సెక్రటరీ మళ్ళీ దిగాడు. ఈసారి తన అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ వేలికున్న ఉంగరం తీసి దారానికి కట్టి తెచ్చింది.

"ఇది పైన పట్టుకుంటే చాలు, ఇట్టే చెప్పేస్తుంది. గుండ్రంగా తిరిగితే ఆడది, అటూ ఇటూ ఊగితే మగది. మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇలాగే చూశాను" అంది అత్తగారు.

"మరి సరిగ్గా చెప్పిందా?" అని అడిగింది కండక్టరమ్మ.

"ఒకసారి చెప్పింది."

"ఎన్నిసార్లలో?"

అత్తగారు ఆ ప్రశ్న విననట్టే కుర్చీ వైపు నడిచింది. దూది మెకానిక్కు ఒళ్ళోనే ఉంది. ఆయనకి జరుగుతున్నదేమిటో తెలియదు. ఉంగరం చూపిస్తుంటే ఏదో ముచ్చటపడుతున్నారనుకుని మర్యాదగా నవ్వాడు. దారం ఊగింది. గాలికి ఊగిందో, అత్తగారి చెయ్యి వణికి ఊగిందో గానీ అటూ ఇటూ ఊగింది. పై అంతస్తుల కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళు "అదిగో!" అన్నారు. సెక్రటరీ, తానే కనిపెట్టినంత గొప్పగా, "తెల్లదే. నేననుకున్నాను" అన్నాడు.

ఆ రోజు కండక్టరమ్మ అరిచిన అరుపులు ఎదురింటి కుక్క కూడా గుర్తుంచుకుని ఉంటుంది. ఉంగరాలతో కోళ్ళ సంగతి తేలిపోతే ఇక గుడ్లెందుకంది. ట్యాంకు మీద కూడా దారం వేలాడదీసి నీళ్ళెప్పుడొస్తాయో చెప్పమంది. అత్తగారు ఉంగరం వేలికి తొడుక్కుని మెట్లెక్కేసింది. సెక్రటరీ మాత్రం మెట్ల మీంచి, "ఆదివారం, కండక్టరమ్మగారూ" అన్నాడు.

కానీ వాళ్ళు వెళ్ళాక ఏం చేసిందో చూడండి. దూదిని ఎత్తి దీపం కిందికి తెచ్చి జుట్టు వెనక వెంట్రుకలు మళ్ళీ చూసింది. ఇదివరకు ఒకటి రెండు అనిపించినవి ఇప్పుడు మూడు నాలుగు అనిపించాయి. కండ నిన్నటికంటే వెడల్పుగా తోచింది. భయం కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఎవరైనా పుంజే. ఉంగరాన్ని దుమ్మెత్తిపోసిన నోటితోనే మనసులో ఆ ఉంగరం మాటకి తలూపింది.

ఆ రాత్రి ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతూ, ఆదివారం సెక్రటరీకి ఏమేం జవాబులు చెప్పాలో పైకే అనుకుంటోంది. మెకానిక్కు దూదిని ఎత్తుకుని గుమ్మం దగ్గరికొచ్చాడు.

"కండక్టరమ్మా, ఇది రెండ్రోజుల నించి వీపు మీద చెయ్యి వేస్తే చతికిలబడిపోతోంది. రెక్కలు విప్పుకుని మరీ."

"ఆఁ, ఆఁ" అంది ఆవిడ గిన్నె తోముతూ, తల తిప్పకుండా. "ట్యాంకు సంగతి ముందు తేల్చమంటాను. అప్పుడు చూద్దాం వాడి మొహం!"

ఆయన దూదిని ఎత్తుకునే దొడ్లోకి వెళ్ళిపోయాడు.

తెల్లవారి ఆవిడ ఆయనకెదురుగా నిలబడి, దూదిని పంపించేస్తున్నానని, అది పుంజని, లేకపోతే అన్నీ పోతాయని అరిచి చెప్పింది. ఆయన "వద్దు" అన్నాడు. మరి నాలుగిటినీ పోగొట్టుకుందామా అని ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. పెళ్ళైనప్పట్నించీ ఆయన పోట్లాట ఒక్క మాటతోనే అయిపోయేది. దూదిని తనే తెచ్చి బుట్టలో కూర్చోబెట్టి, వీపు మీద ఒకసారి చెయ్యి ఆనించాడు. అది రెక్కలు విప్పి బుట్ట అడుక్కి చతికిలబడింది. బుట్ట చూసి భయపడిందనుకుంది కండక్టరమ్మ. మూత వేసేసింది.

బుట్టావిడ ఆ ఏడాదే కన్నుమూసింది. ఇంక ఇచ్చేది ఎవరికి? బజారు చివర పంజరాలు వేలాడదీసి చిలకలూ కుందేళ్ళూ కోళ్ళూ అమ్మే కొట్టతను ఉన్నాడు, అతనికిచ్చింది.

"పెంచుకునేవాళ్ళకే ఇయ్యి బాబూ."

"పెట్టా, పుంజా అమ్మా?"

ఆవిడ బుట్ట అతని వైపు జరిపింది. తర్వాత చెప్పింది.

"పుంజు."

ఆదివారం సమావేశంలో సెక్రటరీ ఆవిణ్ణి అందరి ముందూ మెచ్చుకున్నాడు. సంఘం మాట మన్నించారన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి కండక్టరమ్మ ఒళ్ళు మండిపోయింది, ట్యాంకు సంగతి అడగాలని కూడా గుర్తురాలేదు. ఇంటికొస్తే మెకానిక్కు దొడ్లో కుర్చీలోనే ఉన్నాడు. చెయ్యి ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. కోడి ఉంటే ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తులో వేళ్ళు వంచి ఉంచాడు. ఆవిడ చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గూడు తలుపు మూయడానికి కూడా ఆవిడకి చేతులు రాలేదు.

సోమవారం తెల్లవారుతుండగా కూత వినపడింది.

ఆవిడ మంచం మీదే లేచి కూర్చుంది. మళ్ళీ కూసింది. ఈసారి పరిగెత్తలేదు. వంటింటి కిటికీ దగ్గరికి చప్పుడు చేయకుండా వెళ్ళి చూసింది. గూడు తలుపు తెరిచే ఉంది. దొడ్లో బోర్లించిన బకెట్ మీద పెద్దావిడ నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి గుడ్లు పెట్టిన పెట్ట, దూదిని పొదిగిన తల్లి. మెడ సాచి, ఒళ్ళంతా బిగబట్టి, బొంగురు గొంతుతో కూసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కింద నిలబడి భయభక్తులతో వింటున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. పుంజు లేని గుంపులో ఒక్కోసారి పెద్ద పెట్టే ఆ పెత్తనం నెత్తిన వేసుకుని కూయడం మొదలెడుతుందని బుట్టావిడ ఎప్పుడో చెప్పింది. కండక్టరమ్మ ఆ రోజు పకపకా నవ్వింది. ఆవిడ చెప్పినవన్నీ బుర్రలోకి ఎక్కించుకుని ఆ ఒక్కటీ నవ్వులో పోగొట్టుకుంది. దాంతో పాటు ఇంకొకటి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. మొదటి గుడ్డు పెట్టబోయే ముందు పెట్ట వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు విప్పి చతికిలబడుతుంది. పుంజు చచ్చినా అలా కూర్చోదు. కోళ్ళు పెంచేవాళ్ళలో ఆ సంగతి తెలీనివాళ్ళుండరు. ఆవిడే ఎందరికో చెప్పింది.

మొగుణ్ణి తట్టి లేపి, దూదిని తెస్తానని అరిచి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని బజారుకి పరిగెత్తింది. కొట్టతను అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"నా తెల్లకోడి ఏది? ఇచ్చెయ్యి. అది పెట్ట."

కొట్టతను ఆవిడ మొహం చూసి షట్టరు సగంలో వదిలేశాడు.

"అదెక్కడుందమ్మా ఇంకా? నిన్ననే పోయింది. ఎవరికో ఒంట్లో బాగోలేదట, నల్ల మాంసం మంచిదని చెప్పారట. పుంజు కావాలని వచ్చారు."

"పెంచుకునేవాళ్ళకి ఇమ్మన్నాను కదరా!"

"పుంజుని ఎవరు పెంచుకుంటారమ్మా, అందరికీ పక్కిళ్ళు ఉండవూ? పెట్ట అని ఉంటే ఎగబడి తీసుకెళ్ళేవాళ్ళు, గుడ్లు పెడుతుంది, పిల్లల్ని చేస్తుంది. మీరే కదా పుంజన్నారు?" అని, చెప్పాలో వద్దో అన్నట్టు ఆగి చెప్పాడు. "వాళ్ళు కూడా నిన్న రాత్రే వచ్చి నన్ను తిట్టిపోయారు. కోస్తే లోపల గుడ్డుందట, పెంకుతో సహా. ఆ రోజో మర్నాడో పెట్టేదే."

కండక్టరమ్మకి తిట్లు నోటిదాకా వచ్చాయి. కొట్టతన్నీ, ఆ కొన్నవాళ్ళనీ, ఉంగరాన్నీ, దారాన్నీ, చప్పట్లు కొట్టిన అందరినీ కడిగి ఆరేయాలనిపించింది. ఎవరి దగ్గర మొదలుపెట్టినా తిట్లు తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తున్నాయి. ఆ మాట అన్నది సెక్రటరీ కాదు. సెక్రటరీ అంటే ఎవడు నమ్మేవాడు? ఆరితేరిన మనిషి అంది గనక కొట్టతను నమ్మాడు. బస్సులో ఎంతమంది మధ్య నిలబడి, ఎంత కోపంలో ఉండి కూడా అనని మాట, ఒక పక్షి దగ్గర, ఆఖరి స్టాపుకి ఒక్కరోజు ముందు అనేసింది.

ఇంటికొచ్చేసరికి సెక్రటరీ మెట్ల దగ్గరే కాసుకుని ఉన్నాడు.

"ఇవాళ కూడా కూసింది! ఇంకో పుంజుని దాచారన్నమాట! ఏమిటండీ ఈ మోసం?"

ఆవిడ ఆయన్ని దాటుకుని దొడ్లోకి వెళ్ళింది. మెకానిక్కు కుర్చీలో ఉన్నాడు, చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఆవిడ చేతిలో బుట్ట కోసం చూశాడు. బుట్ట లేదు.

"తెచ్చావా?" అన్నాడు.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆయన అర్థం కానట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకి వంగాడు. జీవితంలో మొదటిసారి ఒక మాట మెల్లగా చెప్పాలని ఉంది ఆవిడకి. కానీ ఆ ఇంట్లో మెల్లగా చెప్పే వీలు లేదు. ఎదురుగా నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"చంపేశారు! కోసేశారు! పుంజు కాదది, పెట్ట! కడుపులో గుడ్డుందట! కూసింది అది కాదు, పెద్దావిడ కూసింది! నేనే పుంజని చెప్పాను! వాళ్ళకి భయపడి నేనే చెప్పాను!"

మూడంతస్తుల్లోనూ కిటికీలు తెరుచుకున్నాయి. సెక్రటరీ దొడ్డి గుమ్మంలో నిలబడిపోయాడు, పైన అత్తగారు వేలి ఉంగరాన్ని గుప్పిట్లో మూసుకుంది. బకెట్ మీద పెద్దావిడ కూడా నోరు మూసుకుని చూస్తోంది.

మెకానిక్కు చెవి దగ్గరి చెయ్యి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. అది ఉండి ఉంటే కండక్టరమ్మ తట్టుకునేది. కోపంతో ఎలా వేగాలో ఆవిడకి తెలుసు.

"చతికిలబడుతోందని చెప్పాను కదా ఆ రోజు" అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "నీకు వినపడలేదేమో."